పాత చిన్న కారులో నలుగురు భారీ మనుషులు: ఏ బండి ఎంత మోస్తుంది?

పాత చిన్న కారు కొనేవాళ్లు రంగు చూస్తారు, ఇంజిన్ చప్పుడు వింటారు, నేలమీద పడుకుని తుప్పు ఎక్కడుందో వెతుకుతారు. ఇంటిల్లిపాదినీ ఎక్కించి ఒక రౌండు వేసి చూసేవాళ్లు మాత్రం అరుదు. బండి ఇంటికొచ్చాక మొదటి ప్రయాణంలోనే వెనక చక్రం మడ్‌గార్డుకి రాసుకునే చప్పుడు వినిపిస్తుంది.

నా దగ్గర కొన్నేళ్లు ఒక మినీ ఉండేది. మా బావ 118 కిలోలు. అతను వెనక సీట్లో కూర్చుంటే గుంత వచ్చిన ప్రతిసారీ కింద 'టక్'మని తగిలేది. తగిలినప్పుడల్లా బావ ముఖం చిన్నబోయేది. కొన్నాళ్లకి "మీరు వెళ్లండి, నేను వేరేగా వస్తాలే" అనడం మొదలుపెట్టాడు. నిజానికి తప్పంతా నాది. అతన్ని కూర్చోబెట్టిన చోటు సరైంది కాదు, టైర్లలో గాలి చాలదు, రబ్బరు స్ప్రింగులు ఏళ్ల తరబడి మార్చలేదు. ఇవన్నీ సరిచేశాక బావ మళ్లీ మాతో రావడం మొదలుపెట్టాడు. మీ ఇంట్లోనూ భారీ మనుషులుంటే, వాళ్లు మొహమాటపడి తప్పుకునే పరిస్థితి రాకుండా బండినే జాగ్రత్తగా ఎంచుకోండి.

నేనిక్కడ 1950ల నుంచి 1970ల దాకా తిరిగిన చిన్న కార్ల గురించి రాస్తున్నాను.

## ముందు లెక్క, తర్వాతే మనసు

మనిషికి 90 కిలోల చొప్పున నలుగురంటే 360 కిలోలు. ఇప్పటి 1300 కిలోల కారుకి అది 28 శాతం అదనం, పెద్దగా తెలియదు. 520 కిలోల ఫియట్ 500కి అదే బరువు దాదాపు 70 శాతం. అంటే ఒక కారు మీద ముప్పావు కారు ఎక్కినట్టే. తయారీదారులు మనిషికి 70 నుంచి 75 కిలోల చొప్పునే లెక్క వేసుకుంటారు. కాబట్టి 'నాలుగు సీట్లు' అన్నంత మాత్రాన ఏ నలుగురైనా ఎక్కొచ్చని కాదు.

మోయగల బరువు. కంపెనీ పుస్తకంలోనో, బండికి బిగించిన రేకు మీదో గరిష్ఠ బరువు ఉంటుంది. అందులోంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలిందే మనుషులకీ, సామానుకీ కలిపి. డ్రైవరు, పనిముట్ల సంచి, డిక్కీలో మరిచిపోయిన నీళ్ల డబ్బా, అన్నీ అందులోనే. కొన్ని పుస్తకాల్లో ఖాళీ బరువులోనే డ్రైవరుని కలిపి రాస్తారు, అది చూసుకోండి.

వెనక ఇరుసు, టైర్లు. మొత్తం బరువు హద్దులోనే ఉండి, వెనక ఇరుసు మీద మాత్రం హద్దు దాటిపోవడం మామూలే. టైరు పక్కన 62ఎస్, 68ఎస్ లాంటి గుర్తు ఉంటుంది. ఆ అంకె ఒక్కో టైరు ఎంత మోయగలదో చెబుతుంది: 62 అంటే 265 కిలోలు, 68 అంటే 315, 82 అంటే 475. పక్కనే టైరు తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు అరగదు, కానీ రబ్బరు ముసలిదైపోతుంది. గాడులు కొత్తగా కనిపిస్తున్నాయని మోసపోవద్దు. పదేళ్లు దాటిన టైరు మీద నిండు బరువు వేయకండి.

స్ప్రింగులో మిగిలిన చోటు. అందరూ ఎక్కాక బండి ఎంత కూర్చుంది, ఇంకా ఎంత దిగడానికి చోటుంది అన్నది చూడాలి. బంప్ స్టాప్ రబ్బరుకీ (ఇరుసు పైకి లేచి బండికి కొట్టుకోకుండా ఆపేది) ఇరుసుకీ మధ్య రెండు వేళ్లు కూడా దూరకపోతే ఆ బండి గుంతల దారికి పనికిరాదు.

బ్రేకులు. బరువు 60 శాతం పెరిగితే, అదే వేగం నుంచి ఆపేటప్పుడు డ్రమ్ముల్లో పుట్టే వేడి కూడా 60 శాతం పెరుగుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి పోతుంది. ఇంజిన్ చాలకపోతే మెల్లగా వెళ్తాం, అంతే. బ్రేకు చాలకపోతే చేయగలిగిందేమీ ఉండదు. అందుకే హార్స్‌పవర్ కన్నా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఎత్తు ఎక్కే శక్తి. వంద మీటర్లకి పది మీటర్లు లేచే దారిలో గంటకి 40 కి.మీ. వేగంతో ఎక్కడానికి ఎంత శక్తి కావాలో లెక్కగట్టి కింద పట్టికలో పెట్టాను. గాలి, టైర్ల నిరోధం అందులో కలపలేదు. అవి కలిస్తే పరిస్థితి ఇంకాస్త కష్టం.

సీటు, తలుపు. లోపలికి దూరడం, బయటికి రావడం. రెండు తలుపుల బండిలో ముందు సీటు మడిచి వెనక్కి పోవాలి. చాలా పాత కార్లలో ఆ మడత సీటుకి లాక్ ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే వెనక మనిషి బరువంతా ముందు సీటుని తోస్తుంది. వెనక బెల్టులు చాలావాటిలో అసలు లేవు.

## ఒక్క చూపులో

| కారు | ఖాళీ బరువు (సుమారు) | ఇంజిన్, శక్తి | 360 కిలోలు ఎక్కితే అదనం | ఎత్తుకే కావాల్సిన శక్తి (హార్స్‌పవర్) |
|---|---|---|---|---|
| మోరిస్ మైనర్ 1000 (1098 సిసి) | 760 కిలోలు | ముందు, 48 హార్స్‌పవర్ | 47% | 16–17 |
| ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1200 | 750 కిలోలు | వెనక, 34 హార్స్‌పవర్ | 48% | 16–17 |
| మినీ 850 | 600 కిలోలు | ముందు, 34 హార్స్‌పవర్ | 60% | 14 |
| సిట్రోయెన్ 2సీవీ (602 సిసి) | 570 కిలోలు | ముందు, 29 హార్స్‌పవర్ | 63% | 14 |
| ఫియట్ 500 (499 సిసి) | 520 కిలోలు | వెనక, 18 హార్స్‌పవర్ | 69% | 13 |

ఇంజిన్ శక్తి గడినీ, చివరి గడినీ కలిపి చదవండి. ఫియట్‌కి ఉన్న 18లో 13 ఎత్తుకే పోతుంది. 1957లో వచ్చిన మొదటి రకం ఇంజిన్ శక్తే 13. నలుగురు భారీ మనుషులతో అది ఆ దారిని ఆ వేగంతో ఎక్కలేదు.

## మోరిస్ మైనర్: నా మొదటి ఓటు

అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారు 1948లో వచ్చింది. 1962 నుంచి 1098 సిసి ఇంజిన్ పెట్టారు. బరువు మోయడానికి మనం వెతుకుతున్నవన్నీ ఇందులో సాదాగా ఉన్నాయి. ఇంజిన్ ముందుంది, నడిచే చక్రాలు, అంటే ఇంజిన్ తిప్పేవి, వెనకున్నాయి. వెనక మనుషులు ఎక్కితే నడిచే చక్రాల మీదే బరువు పడుతుంది కాబట్టి ఎత్తులో చక్రం జారదు. వెనక స్ప్రింగులు కమాను కట్టలు. వాటిని విప్పి, వంపు సరిచేసి, ఆకు మార్చి మళ్లీ బిగించడం తెలిసినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఇదే కారుకి ట్రావెలర్ అనే ఎస్టేట్ (వెనక సామానుకి చోటు పెంచిన) రూపమూ, వ్యాన్ రూపమూ ఉన్నాయి. వాటికి వాడిన గట్టి కట్టలు మామూలు కారుకి వేసుకోవడం పాత పద్ధతే.

నాలుగు తలుపుల రకం దొరికితే అదే తీసుకోండి. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కే బండికి తలుపు ముఖ్యం.

ఇందులో భయపడాల్సినవి రెండు చోట్లున్నాయి. మొదటిది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే మరల జాయింట్లు. వీటికి క్రమం తప్పకుండా గ్రీజు కొట్టకపోతే మరలు అరిగిపోయి, ఒకరోజు చక్రం పక్కకి ఒరిగిపోతుంది. మైనర్ నడిపేవాళ్లందరికీ తెలిసిన జబ్బు ఇది. బరువుతో, గుంతల దారిలో ఆ రోజు ముందే వస్తుంది. రెండోది, వెనక కమాను కట్టని బాడీకి తగిలించే చోట పట్టే తుప్పు. పైన రంగు మెరుస్తున్నా, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడనిదే డబ్బు ఇవ్వొద్దు.

## బీటిల్: గట్టిదే, వెనక సీటు ఎత్తి చూశాకే

1960ల బీటిల్ నాలుగు చక్రాలకీ టార్షన్ బార్లే. అంటే మెలి తిరిగే ఉక్కు కడ్డీలే స్ప్రింగుల పని చేస్తాయి. 15 అంగుళాల చక్రాలు, 82 గుర్తున్న టైర్లు. 1960ల 1200 సిసి బండి మోయగల బరువు 380 కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి మన 360 అందులో పడుతుంది. కానీ ఇంకో మనిషికి చోటు లేదు.

దీని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి, అంటే ఒక్కో పక్క ఇరుసు విడిగా పైకీ కిందికీ ఊగుతుంది. బరువు పడేకొద్దీ చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది. 1967 మోడల్‌లో వెనక ఒక అదనపు బార్ ఇచ్చారు. రెండు చక్రాలూ కలిసి కిందికి కూర్చుంటే అది సాయానికి వస్తుంది. బరువు మోయాలనుకునేవాళ్లకి ఆ తర్వాతి బండి మేలు. ఇంజిన్ ఎలాగూ వెనకే, మనుషులు కూడా వెనకే కూర్చుంటే ముందు చక్రాలు తేలికైపోతాయి. అందుకే సామాను ముందు డిక్కీలోనే పెట్టాలి, బరువైన మనిషి ముందు సీట్లోనే కూర్చోవాలి.

ఇక బ్యాటరీ. బీటిల్‌లో బ్యాటరీ ఉండేది వెనక సీటు కింద, కుడివైపు. ఒక మిత్రుడి బండిలో సీటు ఎత్తి చూసినప్పుడు, సీటు అడుగున స్ప్రింగు తీగ మీద బొటనవేలి గోరంత నల్లటి మచ్చ కనిపించింది. దాని చుట్టూ గోనెపట్టా గోధుమరంగుకి మాడి ఉంది. సరిగ్గా దాని కింద బ్యాటరీ ప్లస్ టెర్మినల్. బరువైన మనిషి కూర్చుంటే సీటు కుంగి, ఇనుప తీగ టెర్మినల్‌కి తగిలి షార్ట్ అవుతోంది. అతను ఎత్తు ఎక్కువున్న వేరే రకం బ్యాటరీ వేయించాడు, పైనుండే మూత ఎక్కడో పోయింది. సీటు కింద మంట పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? సరైన ఎత్తున్న బ్యాటరీ, టెర్మినల్ మీద తొడుగు, బ్యాటరీ మీద మూత, ఈ మూడూ లేకుండా బీటిల్ వెనక సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి.

ఎత్తులో పెద్ద గేర్‌లో ఈడ్చకండి. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి, ఇంజిన్ తిరిగితేనే ఫ్యాన్ తిరుగుతుంది. చిన్న గేర్ వేస్తే చప్పుడు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది.

## సిట్రోయెన్ 2సీవీ, రెనో 4: గుంతల దారికి

1948లో పారిస్ మోటార్ షోలో చూపించిన 2సీవీని పల్లె రైతుల కోసమే తయారుచేశారు. దున్నిన పొలంలో గుడ్ల బుట్టతో వెళ్లినా గుడ్లు పగలకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. ఒక్కో పక్కన ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకే గొట్టంలోని స్ప్రింగులకి కలిసి ఉంటాయి. చక్రం ఎంత పైకి కిందికి ఆడినా బండి ఒళ్లు కుదపదు.

అంత మెత్తటి స్ప్రింగు బరువు పడితే బాగా కూర్చుంటుంది. ఆ సంగతి తయారుచేసినవాళ్లకి తెలుసు. అందుకే డ్యాష్‌బోర్డు కింద ఒక నాబ్ పెట్టారు. వెనక బరువు పడి బండి ముక్కు లేస్తే, కూర్చున్న చోటునుంచే ఆ నాబ్ తిప్పి హెడ్‌లైట్లని కిందికి దించుకోవచ్చు. ఎదుటివాళ్ల కళ్లలో లైటు కొట్టకుండా అంత పాత చిన్న కారులో ఇంత ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

నాలుగు తలుపులు, తేలిగ్గా ఎక్కి దిగే ఎత్తు. మలుపుల్లో మాత్రం బండి ఎంతగా ఒరుగుతుందంటే, కొత్తగా ఎక్కినవాళ్లు పైన పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుక్కుంటారు. అంత తేలిగ్గా బోల్తా పడదని ముందే చెప్పండి. కింది ఛాసిస్ తుప్పు పట్టితే బరువుకి మధ్యలో వంగుతుంది. నలుగురూ కూర్చున్నాక తలుపులు వేసి తీయండి. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే, ఆ బండి వద్దు.

1961లో వచ్చిన రెనో 4 కూడా ఇదే దారిలోది, టార్షన్ బార్ల మీద నడుస్తుంది. వెనక బార్లు ఒకదాని వెనక ఒకటి అడ్డంగా ఉండటంతో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కుడి పక్కన ఒకలా, ఎడమ పక్కన ఒకలా, నాలుగు సెంటీమీటర్లకి పైగా తేడాతో ఉంటుంది. కొలిచి చూసి యాక్సిడెంట్ బండి అనుకోకండి. సామాను ఎక్కువుంటే 2సీవీ కన్నా దీని వెనక తలుపే హాయి.

## మినీ: ఇద్దరికి భేష్, నలుగురికి జాగ్రత్త

1959లో మినీ చేసేటప్పుడు ఇసిగోనిస్‌కి ఎదురైన చిక్కు మన చిక్కే. బండి మరీ తేలిక, మనుషులు ఎక్కితే బరువు ఒక్కసారిగా మారిపోతుంది. మెత్తటి స్ప్రింగు పెడితే నలుగురికి కింద తగులుతుంది, గట్టిది పెడితే ఒక్కడికి ఒళ్లు హూనం. అలెక్స్ మౌల్టన్ అనే ఇంజినీరు ఉక్కు బదులు రబ్బరు ఇచ్చాడు. నొక్కేకొద్దీ గట్టిపడటం ఆ రబ్బరు గుణం. అయితే రబ్బరు కాలంతో కుంగిపోతుంది. బండి ఒళ్లు దిగిపోయి, కుదుపు పెరిగిందంటే రబ్బర్ల ఆయుష్షు తీరినట్టే. మా బావకి వినిపించిన 'టక్' అదే.

నడిచేవి ముందు చక్రాలు కాబట్టి వెనక బరువు పెరిగితే తడి ఎత్తులో ముందు చక్రం జారుతుంది. పది అంగుళాల చక్రం కాబట్టి లోపల బ్రేకు డ్రమ్ము కూడా చిన్నదే. వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాలని బాడీకి పట్టి ఉంచే చట్రం) తుప్పు ఈ బండికి బాగా తెలిసిన రోగం. ముందు ఇద్దరు భారీ మనుషులు, వెనక ఇద్దరు పిల్లలు అయితే మినీ నిశ్చింతగా వెళ్తుంది.

## ఫియట్ 500: నలుగురికి కాదు

ఈ బండంటే నాకు ప్రాణం, అయినా ఉన్నమాట చెప్పాలి. మూడు మీటర్లు కూడా లేని పొడవు, 62 గుర్తున్న సన్నటి టైర్లు. వెనక రెండు టైర్లూ కలిపి మోసేది 530 కిలోలు. ఇంజిన్ వెనకే ఉంది, దానికితోడు 90 కిలోల వాళ్లు ఇద్దరు వెనక కూర్చుంటే ఆ హద్దుకి బాగా దగ్గరికి వచ్చేస్తాం. గుంతలో పడినప్పుడు టైరు మీద పడే దెబ్బకి ఇక చోటు మిగలదు. ఇద్దరికి, ఊరి లోపల తిరగడానికి అయితే కొనండి.

సీట్లుంటే చాలు మోస్తుందనుకునేవాళ్లకి ఇంకో ఉదాహరణ: 1956 నాటి ఫియట్ 600 మల్టిప్లాలో మూడున్నర మీటర్లలో ఆరు సీట్లు పెట్టారు. ఇంజిన్ మాత్రం 633 సిసి.

## బండి ఇప్పటికే ఉంటే ఏం మార్చాలి?

టైరు గాలితో మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేదు. చాలా కంపెనీ పుస్తకాల్లో నిండు బరువుకి వేరే గాలి లెక్క ఉంటుంది. ముందుకీ వెనక్కీ కూడా తేడా ఉంటుంది. బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టాలి.

తర్వాత పాత స్ప్రింగుని అసలు స్థితికి తేవడం: మినీకి కొత్త రబ్బర్లు, మైనర్‌కి కమాను కట్టల మరమ్మతు, బీటిల్‌కి టార్షన్ బార్‌ని ఒక పన్ను తిప్పి బిగించడం. చాలా బండ్లకి ఇంతవరకే సరిపోతుంది. ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తే నలుగురితో బాగుంటుంది, ఒక్కరే వెళ్లేటప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. వారంలో ఆరు రోజులు ఒక్కరే నడిపేవాళ్లు ఆ పని చేయకండి.

షాక్ అబ్జార్బర్ల గురించి ఒక అపోహ ఉంది. అవి బరువు మోయవు, ఊగడాన్ని ఆపుతాయి. కొత్తవి వేసినా బండి ఎత్తు పెరగదు. బయట స్ప్రింగు చుట్టిన షాకులు, గాలి నింపే షాకులు మాత్రం బరువు మోస్తాయి, కానీ ఆ బరువు షాక్ బిగించిన చిన్న బ్రాకెట్ మీద పడుతుంది. ఆ చోటుని బండి బరువు మోయడానికి చేయలేదు. పాత, తుప్పు తగిలిన రేకు మీద అలాంటి ప్రయోగం నేను చేయను.

స్ప్రింగు మీద పెట్టే డబ్బులో సగం బ్రేకులకి పెట్టండి: కొత్త షూలు, కొత్త ఆయిల్, మంచి హోస్ పైపులు. ఏది మార్చినా బండి గరిష్ఠ బరువు మాత్రం పెరగదు. స్ప్రింగు గట్టిదైనంత మాత్రాన ఇరుసూ టైరూ గట్టివి కావు.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

నలుగురు పెద్దలతో తరచూ ఊళ్లు తిరిగేవాళ్లు నాలుగు తలుపుల మైనర్ తీసుకోండి. అది దొరక్కపోతే 1967 తర్వాతి బీటిల్. దారి బాగాలేని చోట ఉండేవాళ్లకి 2సీవీ లేదా రెనో 4, వేగం తక్కువైనా నడుం నొప్పి ఉండదు. కొండ దారుల్లో ఉండేవాళ్లు ఇంజిన్ కన్నా ముందు దిగుడు గురించి ఆలోచించండి. ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. పిల్లలున్న జంటకి మినీ బాగుంటుంది, మడత సీటు లాక్, వెనక బెల్టులు పెట్టించుకున్నాక.

ఫియట్ 500 ఇప్పటికే ఇంట్లో ఉండి, నాన్నగారు 110 కిలోలు, అమ్మ కూడా భారీ మనిషి అయితే, ఆ బండి అమ్మేయక్కర్లేదు. ముందు సీటు వెనక్కి జరిపి నాన్నగారిని కూర్చోబెట్టండి, వెనక ఎవరూ వద్దు. ఒక రౌండు తిప్పి ఇంటి ముందు దించి, అమ్మని ఎక్కించుకుని మళ్లీ బయలుదేరండి.